ఆగే బండికి అయిదు రక్షలు

గురువారం పొద్దున మాలకొండయ్య అనుకున్నవి మూడే పనులు. మార్కాపురం పోయి నతానియేలు షెడ్డులో పికప్ బండి చూపించడం, టైలరు దగ్గర భార్య కృష్ణమ్మ జాకెట్లు తీసుకోవడం, మధ్యాహ్నం సంగటి వేళకు రాళ్లగుంటలో ఉన్న తన ఇల్లు చేరడం. అంతకంటే తక్కువ కోరుకునే మనిషి ఆ మండలంలో ఉండడు. అయినా ఆ మూడింటిలో జాకెట్లు ఒక్కటే అనుకున్న ప్రకారం ఇంటికొచ్చాయి.

ఆ బండికి ఇరవై రెండేళ్లు. ఒకప్పుడు తెల్లగా ఉండేదని నమ్మించడానికి పాత ఫోటో చూపించాలి. బత్తాయిలు, కందులు, పలకల రాయి, గొర్రెలు, రెండు పెళ్లిబృందాలు అన్నీ మోసింది. పక్కింటి యేసుమణి కోడలికి నొప్పులొస్తే ఆసుపత్రికి చేర్చింది కూడా అదే. పుట్టిన పిల్లకు తన బండి గుర్తుండేట్టు ఏదో ఒక పేరు పెట్టలేదని మాలకొండయ్యకు ఇప్పటికీ లోపల చిన్న కష్టం. పొద్దున లేచి తన మొహం కడుక్కోకముందే దాని అద్దం తుడుస్తాడు. "ముప్పై ఏండ్లయింది పెండ్లయి, నా మొహం ఒక్కనాడన్నా తుడిచినావా?" అని కృష్ణమ్మ అడుగుతూనే ఉంటుంది. దానికి ఆయన గుడ్డ దులిపి అద్దాన్ని ఇంకొకసారి తుడుస్తాడు.

అలాంటి బండికి నెల రోజులుగా ఒక వింత జబ్బు పట్టుకుంది. పోతూ పోతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. దగ్గదు, తుమ్మదు, పొగ కక్కదు. మాట్లాడుతున్న మనిషి మధ్యలో లేచి వెళ్లిపోయినట్టు ఇంజన్ ఊరుకుంటుంది. మాలకొండయ్య కంగారుగా తాళంచెవి వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పితే, ఏమీ ఎరగనట్టు మొదలవుతుంది. ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో దానికే తెలియాలి.

ఇక్కడ ఆ తాళంచెవి సంగతి చెప్పాలి. అది విడిగా ఉన్న రోజుల్లో మాలకొండయ్య దాన్ని రెండుసార్లు పోగొట్టాడు. అందుకని కృష్ణమ్మ దాన్ని ఇంటి గుత్తిలో కట్టింది. ఇంటి తాళం, బోరు మోటారు పెట్టె తాళం, బత్తాయి తోట గేటు తాళం, మాలకొండయ్య నాయన ఇచ్చిన భోషాణం తాళం అన్నీ ఆ గుత్తిలోనే. భోషాణాన్ని చెదలు తిని పన్నెండేళ్లయింది, కానీ దాని చెవిని పారేయడానికి ఆయనకు చేతులు రాలేదు. బండి కొన్ననాడు పూజలో పెట్టిన మాలకొండ స్వామి ఇత్తడి బిళ్ల కూడా దానికే వేలాడుతుంది. బండికి రెండో తాళంచెవి ఒకటి ఉంది. అది సీటు కింద డబ్బాలో పడుకుని ఉంటుంది, బండిని ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రమే బయటికి వస్తుంది. ఇంటి గుత్తి పరాయి చేతిలో పెట్టరాదని నాయన చెప్పిన మాట.

జబ్బు సంగతి అలా ఉంచితే, అసలు ప్రమాదం ఆదివారం నాడు పొంచి ఉంది. కృష్ణమ్మ తమ్ముడు వెంకటసుబ్బయ్యకు గిద్దలూరులో సిమెంటు దుకాణం. ఆదివారం అతని కొత్త ఇంటి గృహప్రవేశం. ఆ బండి మీద అతని కన్ను పడి చాలా ఏళ్లయింది. బుధవారం రాత్రి అన్నం పెడుతూ కృష్ణమ్మ తీర్పు చెప్పేసింది.

"ఆదివారం నేను నీ బండిలోనే వస్తా. దావలో ఒక్కసారి ఆగిందా, ఆడనే మా సుబ్బడికి ఇచ్చేస్తా. బదులుగా వాడు తన పాత మోపెడ్ ఇస్తా అన్నాడు."

"నా బండికి మోపెడ్ సాటా?"

"మోపెడ్ ఆగితే నేనొక్కదాన్నే తోసుకుంటా. నీ బండి ఆగితే ఊరంతా తోయాల."

న్యాయంగా చూస్తే ఆ మాటలో తప్పు లేదు. అందుకే మాలకొండయ్యకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నతానియేలు మార్కాపురంలో పేరున్న మెకానిక్. ఇంజన్ మీద చెవి పెట్టి రోగం చెప్తాడని ప్రసిద్ధి. మాలకొండయ్య గుత్తి తీసి జేబులో వేసుకుని, సీటు కింద నుంచి విడి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. నతానియేలు డీజిల్ ఫిల్టరు మార్చాడు, ట్యాంకు మూత ఊదాడు, బ్యాటరీ తీగలు గీకాడు, ఫ్యూజులు ఒక్కొక్కటే ఎండలో పట్టి చూశాడు. తర్వాత బండెక్కి తర్లుపాడు దాకా పోయి తిరిగొచ్చాడు. గుంతల్లో దూకించాడు, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగరేశాడు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

"బండికి ఏం కాలేదన్నా. గుర్రం లెక్క పోతా ఉంది."

"నాకు ఆగుతా ఉంది గదప్పా!"

"నాకు ఆగలేదు గదన్నా!"

మాలకొండయ్య సంతోషంగా విడి తాళంచెవిని డబ్బాలో పెట్టి, గుత్తి తగిలించి బయల్దేరాడు. జాకెట్లు తీసుకున్నాడు. ఊరు దాటుతుండగా మొదటి స్పీడ్ బ్రేకర్ మీద బండి ఆగిపోయింది. వెనక బస్సువాడు హారన్ మోతతో ఆయన వంశవృక్షాన్ని పలకరించాడు. మాలకొండయ్య వెనక్కి తిప్పుకుని షెడ్డుకు పోయి, మళ్లీ విడి తాళంచెవి ఇచ్చి, ఈసారి తాను కూడా పక్కన కూర్చున్నాడు. అదే స్పీడ్ బ్రేకర్ మీదుగా నతానియేలు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు. బండి కులాసాగా పరుగెత్తింది.

నతానియేలు షెడ్డు ముందు బండి ఆపి చేతులు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల అనుభవంలో చెప్పని మాట అతను అప్పుడు చెప్పాడు.

"అన్నా, నేను చెప్తే నవ్వుతావు. బండికి రోగం లేదు. అది నీ మీద అలిగింది."

ఆ మాటను అక్కడే వదిలేసి ఉంటే ఈ కథ లేదు. కానీ మాలకొండయ్య ఇంటికొచ్చి కృష్ణమ్మకు చెప్పాడు. కృష్ణమ్మ గోడ మీద నుంచి యేసుమణికి చెప్పింది. యేసుమణి పాలకేంద్రంలో చెప్పింది. చీకటి పడేలోపు రాళ్లగుంటలో చంటిపిల్లలు తప్ప అందరికీ ఆ బండి ఎందుకు ఆగుతోందో ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది.

మొదట వచ్చినవాడు పోలయ్య. వయసులో లారీ మీద క్లీనరుగా మూడేళ్లు తిరిగినవాడు కనుక బండ్ల విషయంలో ఆయన మాటకు ఊళ్లో ఎదురు లేదు.

"ఇది దిష్టి, మాలకొండా. ఇంజన్‌లో వెతికితే దొరకదు."

"మరి యాడ వెతకాల?"

"బండికి పూజ చేసేటప్పుడు అయ్యవారు దేన్ని తీసుకుపోయి స్వామి పాదాల కాడ పెడతాడు? టైరునా? తాళంచెవినే గదా? బండి ప్రాణం తాళంచెవిలో ఉంటది. రక్ష కడితే దానికే కట్టాల."

ఎవరూ కాదనలేకపోయారు. నిజమే మరి, పూజల్లో అందరూ చూసిందే అది. పోలయ్య పంచె మడతలోంచి పాత గుర్రపు నాడా ఒకటి తీసి, ఇనుపతీగతో గుత్తికి కట్టాడు. ఆ నాడా ఏ గుర్రానిదో కానీ ఆ గుర్రం బాగా తిన్నదే అయి ఉండాలి.

శుక్రవారం కృష్ణమ్మ కంభం పోయి దర్గాలో రాగి తాయెత్తు కట్టించుకొచ్చింది. పెద్దది తీసుకుంది, బండి పెద్దది గదా అని. ఆ సాయంత్రమే యేసుమణి అరచేయంత ఇత్తడి సిలువతో వచ్చింది.

"మా పాస్టరు గారు అరగంట ప్రార్థన చేసినారు వదినా. బండి చేసిన మేలు మేము మరిచిపోతామా? అన్నా, ఇది కూడా తగిలించు."

మాలకొండయ్య కళ్లు చెమర్చాయి. ఊరికి తన బండి మీద ఇంత ప్రేమ ఉందని ఆయనకు తెలియదు. శనివారం కృష్ణమ్మ, అన్నీ ఉన్నాయి శకునానికి గంట ఒక్కటే తక్కువైందని, చచ్చిపోయిన ఎద్దు మెడగంట వెతికి తెచ్చి కట్టింది. స్వామి బిళ్లతో కలిపి లెక్క అయిదైంది. గుత్తి ఇప్పుడు జేబులో పట్టదు. భుజాన వేసుకుంటే తువ్వాలు జారిపోతుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఊరంతా తలా ఒక చేయి వేశారు, ప్రేమతోనే.

విచిత్రం ఏమిటంటే, రక్ష పెరిగేకొద్దీ బండి ఆగడం పెరిగింది. నాడా కట్టాక పూటకొకసారి ఆగింది. తాయెత్తు తర్వాత పోలయ్య ఇంటి నుంచి పాలకేంద్రం వరకే రెండుసార్లు. సిలువ తర్వాత మలుపు తిరిగినప్పుడల్లా. దీనికి పోలయ్య దగ్గర వివరణ ఉంది.

"దిష్టి పోయే ముందర గింజుకుంటది. దీపం ఆరే ముందర ఎగసినట్ల. భయపడబాకు."

మాలకొండయ్య భయపడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

ఆదివారం తెల్లవారింది. గృహప్రవేశం భోజనాలకు పెరుగు తెచ్చే బాధ్యత అక్కది. వెనక అయిదు పెరుగు క్యాన్లు, వాటిని పట్టుకుని పోలయ్య, యేసుమణి కూర్చున్నారు. క్యాన్లలో పట్టని పెరుగును కృష్ణమ్మ ఇత్తడి బిందెలో పోసి, ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంది. కొత్త జాకెట్టు, పట్టుచీర, తల్లో కనకాంబరాలు, ఒళ్లో పెరుగు బిందె. మాలకొండయ్య నాలుగు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించి, గుత్తిని కళ్లకద్దుకుని తిప్పాడు. గంట గణగణా మోగింది. బండి కదిలింది.

ఊరు దాటకముందే కల్వర్టు మీద ఆగింది.

"ఆగింది," అంది కృష్ణమ్మ.

"ఆగలేదే. నేనే ఆపినా. ఇంజన్ వేడెక్కనీ అని."

తర్లుపాడులో మళ్లీ ఆగింది.

"ఇప్పుడు?"

"గేదె అడ్డమొచ్చింది."

"యాడ గేదె?"

"పోయింది."

కంభం చేరేలోపు లెక్కలేని గేదెలు వచ్చాయి, పోయాయి. వెనక నుంచి యేసుమణి నిజాయితీగా "ఏడు, వదినా!" "ఎనిమిది!" అని కేకలేస్తూనే ఉంది. ప్రతి కేకకూ మాలకొండయ్య ప్రాణం ఒక మెట్టు దిగుతోంది. ఇరవై రెండేళ్ల తోడు ఈ ఒక్క దారిలో చేజారిపోతోందని ఆయనకు తెలుస్తూనే ఉంది. అయినా నోరు గేదెల్నే వెతుకుతోంది. కృష్ణమ్మ వేళ్ల మీద లెక్క పెడుతోంది. ఆమె లెక్క పెడితే ఏమవుతుందో ముప్పై ఏళ్ల కాపురంలో ఆయనకు బాగా తెలుసు.

కంభం దాటాక రైలు గేటు వచ్చింది. గేటు తెరిచే ఉంది. ముందు చక్రాలు మొదటి పట్టా ఎక్కి దిగాయి. బండి ఊగింది, గంట మోగింది, ఇంజన్ ఊరుకుంది. సరిగ్గా పట్టాల మధ్యన.

గేటు మనిషి గుడిసెలోంచి ఎర్రజెండాతో పరుగెత్తుకొచ్చాడు.

"తియ్ పెద్దాయనా! గేటు వెయ్యాల! గుంటూరు బండికి టైమైంది!"

"ఇంకా ఎంత సేపుంది?"

"టైం ఉందిలే, కానీ నాకు బీపీ ఉంది!"

మాలకొండయ్య కంగారులో తాళంచెవిని ఎటు తిప్పుతున్నాడో ఆయనకే తెలియలేదు. ముందుకు తిప్పితే గుత్తి వెనక్కి ఊగుతుంది, ఇంజన్ ఒకసారి గురక పెట్టి పడుకుంటుంది. మూడుసార్లు అదే అయింది. ఇంతలో అటు బస్సులోంచి, ఇటు ఆటోల్లోంచి జనం దిగారు. పోలయ్య బండి వెనక నిలబడి సేనాధిపతిలా చేయెత్తాడు. "ఒకటి, రెండు, అయిసా!" అన్నారు అందరూ. ముప్పై మంది బలం ఒక్కసారి పడేసరికి బండి రెండో పట్టా ఎక్కి, ధబీమని అవతల పడింది. గేటు మనిషి కుప్పకూలి నీళ్లు అడిగాడు.

మాలకొండయ్య మెల్లగా పక్కకు తిరిగాడు. బిందె ఖాళీగా ఉంది. కృష్ణమ్మ నిండుగా ఉంది. కనకాంబరాల మీదుగా కారిన మీగడ చెవి కమ్మల దగ్గర కాసేపు ఆగి, కొత్త జాకెట్టు మీదికి దిగుతోంది.

"ఇది కూడా గేదేనా?" అంది ఆమె నెమ్మదిగా.

గిద్దలూరులో కొత్త ఇంటి ముందు గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డ వెంకటసుబ్బయ్య, బండి దిగి వస్తున్న తెల్లటి మనిషిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవురమ్మా నువ్వు?"

"మీ అక్కనురా. బండి నీది."

అంతే. పంచాయితీ లేదు, అప్పీలు లేదు. మాలకొండయ్య డబ్బాలోంచి విడి తాళంచెవి తీసి బామ్మర్ది చేతిలో పెట్టాడు. గుత్తిలో ఇంటి తాళాలున్నాయి కదా. భోజనంలో పెరుగు వడ్డించబోతే చేయి అడ్డం పెట్టాడు. సాయంత్రం ఆలుమగలిద్దరూ మోపెడ్ మీద ఇంటికొచ్చారు, పోలయ్య, యేసుమణి బస్సులో వచ్చారు.

ఆ తర్వాత జరిగింది మాలకొండయ్య ఏ శత్రువుకూ కోరుకోడు. సోమవారం సాయంత్రం బామ్మర్ది ఫోను చేశాడు.

"బావా! ఈ పొద్దు ఇరవై మూటలు సిమెంటు వేసుకుని చంద్రశేఖరపురం పోయొచ్చినా. ఒక్క తూరి ఆగలేదు!"

మంగళవారం మళ్లీ చేశాడు. "దర్శి పోయొచ్చినా బావా! బండి బంగారం. నువ్వేమనుకోబాకు, నీకు తోలడం రాదు."

ఆ మాట శూలంలా దిగింది. నలభై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మనిషిని పట్టుకుని తోలడం రాదంటాడా? మాలకొండయ్యకు ఏడుపొచ్చింది. బండి నిజంగానే తన మీద అలిగిందేమో. తానేం తక్కువ చేశాడు? ఆ రాత్రి సంగటి ముద్ద సగంలో లేచి, ఖాళీగా ఉన్న బండి కొట్టం ముందు తువ్వాలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తుడవడానికి ఏమీ లేదు. కృష్ణమ్మ వంటింటి కిటికీలోంచి చూసి కళ్లు దించుకుంది.

బుధవారం పొద్దున ఆమె తనకు చేతనైన ఓదార్పు చేసింది. మోపెడ్ తాళంచెవి ఒంటరిగా ఉంటే పోతుందని దాన్ని తీసి గుత్తికి కట్టింది.

"దేవుళ్లందరూ ఉన్నారు గదా, ఈ బండికన్నా మేలు జరగనీ."

మాలకొండయ్య తోటకు బయల్దేరాడు. కల్వర్టు దిగేచోట మోపెడ్ ఎగిరింది, గంట మోగింది, ఇంజన్ ఆగిపోయింది. అంటే శని బండికి కాదు, తనకే పట్టిందన్నమాట. ఆయన ఆకాశం వైపు చూశాడు, ఎవరూ జవాబు చెప్పలేదు. తల వంచి కిందికి చూశాడు. అక్కడ జవాబు ఉంది.

పికప్‌లో తాళం బొక్క స్టీరింగు పక్కన, చీకట్లో ఉండేది. బండి ఆగగానే కంగారుగా చేయి పోనిచ్చి తిప్పేవాడే తప్ప, ఆ చెవి అప్పటికే ఎక్కడుందో ఆయన ఏనాడూ చూడలేదు. మోపెడ్ మీద అది కళ్లెదుటే ఉంది, ఎండలో మెరుస్తూ. తాను తాకలేదు. అయినా చెవి ఆఫ్ మీద ఉంది. దాని కింద నాడా, సిలువ, తాయెత్తు, గంట, బిళ్ల, నాయన భోషాణం చెవి, అన్నీ కలిసి మెల్లగా ఊగుతున్నాయి.

మాలకొండయ్య చెవిని ఆన్ చేశాడు. మోపెడ్‌ను రెండు చేతులతో పట్టి కుదిపాడు. గుత్తి ఊగింది, టక్కున చెవి ఆఫ్ అయింది. మళ్లీ ఆన్ చేశాడు, మళ్లీ కుదిపాడు. టక్. ఇరవై రెండేళ్లు తిప్పి తిప్పి అరిగిపోయిన తాళానికి వీశెడు బరువు వేలాడదీసి, బండి ఎందుకు ఆగుతోందని నెల రోజులు ఇంజన్‌ను అడిగారు. దేవుళ్లలో ఎవరి తప్పూ లేదు. వాళ్లను అక్కడ వేలాడమన్నది ఎవరు? నతానియేలు చేతికి విడి చెవి ఇచ్చింది ఎవరు?

ఆయనకు నవ్వు పొంగుకొచ్చింది. మోపెడ్‌ను కుదుపుతూ, అది ఆగినప్పుడల్లా పొట్ట పట్టుకుని నవ్వుతున్న మనిషిని, పొలానికి పోతున్న యేసుమణి దూరం నుంచి చూసింది. వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది.

"వదినా! బండి బెంగతో అన్నకు మతి పోయింది! మోపెడ్‌ను పట్టుకుని ఊపుతా ఉన్నాడు, నవ్వుతా ఉన్నాడు!"

కృష్ణమ్మ పీట మీద కూలబడింది. ఎంత పని చేశాను దేవుడా అనుకుంది. మాలకొండయ్య ఇంటికొచ్చేసరికి ఆమె వేడివేడి సంగటిలో నెయ్యి పోసి, ఎదురుగా కూర్చుని విసురుతోంది. అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచిన మాలకొండయ్య, నెయ్యి చూసి మూసుకున్నాడు. ఈ సంగతి చెప్తే ఏమవుతుంది? బామ్మర్దికి బండి శాశ్వతంగా బాగున్నట్టే. తన నెల రోజుల తెలివితక్కువతనం గిద్దలూరు దాకా పాకుతుంది. బండి మాత్రం రాదు.

మర్నాడు ఆయన గుత్తిలోంచి ఇంటి తాళాలు, నాయన చెవి, పికప్ పాత చెవి, మోపెడ్ చెవి విప్పి, అయిదు రక్షలను మాత్రం ఒక పళ్లెంలో పెట్టి, ఆకులు, వక్కలు, అరటిపళ్లు సర్ది గిద్దలూరు పోయాడు.

"సుబ్బయ్యా, బండి నీకిచ్చి దాని రక్ష నా కాడ పెట్టుకుంటే పాపం గదా. ఊరంతా ప్రేమతో కట్టినవి. తాళంచెవికే కట్టుకో."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. వెంకటసుబ్బయ్య ఉప్పొంగిపోయి బావ కాళ్లకు దండం పెట్టాడు.

"నీ మనసు పెద్దది బావా."

"నా మనసు కంటే గంట పెద్దది. గట్టిగా కట్టు," అన్నాడు మాలకొండయ్య.

గురువారం రాత్రి ఫోను రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. "బావా, బండి ఒక తూరి ఆగింది. ఎండకేమో." సాయంత్రం మళ్లీ వచ్చింది. "బావా, నాలుగు తూర్లు ఆగింది." రాత్రి కృష్ణమ్మకు వచ్చింది. రైలు గేటు ప్రస్తావన ఉందని, గేటు మనిషి ఈసారి సెలవు పెట్టాడని మాత్రం మాలకొండయ్యకు తెలిసింది. శనివారం పది గంటలకు రాళ్లగుంట వీధిలోకి ఒక ట్రాక్టరు వచ్చింది. దాని వెనక మోకుతో కట్టిన పికప్, పికప్‌లో దుమ్ము కొట్టుకుపోయిన వెంకటసుబ్బయ్య ఉన్నారు.

"నీ బండి నువ్వే తీసుకో బావా! నా మోపెడ్ నాకియ్యి. ఇది నీ ఇంటి మీద బెంగ పెట్టుకుంది."

"ఇచ్చిన బండి వెనక్కి తీసుకుంటే బాగుంటదా? మీ అక్క ఏమంటదో..." అన్నాడు మాలకొండయ్య, రెండు చేతులూ వెనక కట్టుకుని. అవి అప్పటికే తువ్వాలు వెతుకుతున్నాయి.

"తీసుకోమంటా ఉన్నా గదా!" అంది కృష్ణమ్మ లోపలి నుంచి. మొగుడి మతి కంటే ఆమెకు పట్టుచీర ఎక్కువ కాదు.

మాలకొండయ్య గుత్తి అందుకుని, బండి చెవిని మాత్రం విప్పుకుని, మిగతాది రెండు చేతులతో బామ్మర్దికి అందించాడు.

"ఒకసారి మీ గడప తొక్కిన దేవుళ్లను వెనక్కి పంపరాదు సుబ్బయ్యా. నీ కాడనే ఉండనీ."

వెంకటసుబ్బయ్య భక్తిగా కళ్లకద్దుకుని, మోపెడ్ చెవికి కట్టుకున్నాడు.

సాయంత్రం ఆలుమగలు బండిలో మార్కాపురం పోయొచ్చారు. కల్వర్టు, స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, అన్నీ తగిలాయి. బండి దగ్గలేదు, తుమ్మలేదు, ఆగలేదు. బోసిగా ఒక్క తాళంచెవి మాత్రం వేలాడుతోంది. దారిలో నిజంగానే ఒక గేదె అడ్డమొచ్చింది. మాలకొండయ్య మురిసిపోతూ బ్రేకు వేసి, దాన్ని కృష్ణమ్మకు చూపించాడు. ఇంటి ముందు దిగుతూ ఆమె అద్దాన్ని కొంగుతో తుడిచింది.

"చూసినావా? మా తమ్ముడి చేయి వారం రోజులు పడేసరికి ఎట్ల బాగైందో. నీకు నెల పట్టినా చేతకాలేదు."

మాలకొండయ్య కొట్టంలోకి పోయి బండి ముందుభాగం కూడా తుడవడం మొదలుపెట్టాడు. పెద్ద పండక్కి చెప్దాంలే అనుకున్నాడు.

గిద్దలూరులో వెంకటసుబ్బయ్య మోపెడ్ మాత్రం ఈ మధ్య నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందట. నతానియేలు రక్షలు లేని విడి చెవి పెట్టి నాలుగు మైళ్లు తోలి చూసి, దానికి రోగమేమీ లేదని, అది అతని మీద అలిగిందని తేల్చాడు.